కవిత్వ లోకం వార్తలు ఫాలో అవ్వడం ఎలా: వార్త తర్వాత, ముందు ఒక కవిత

2020 అక్టోబర్‌లో అమెరికా కవి లూయిస్ గ్లిక్‌కి నోబెల్ ప్రకటించిన రోజు నేను చేసిన ఘనకార్యం చెప్తా, నవ్వుకోండి. ఆవిడ ఫోటో పెట్టి "అద్భుతమైన ఎంపిక" అని రాసి పడేశా. అప్పటికి ఆవిడది ఒక్క లైను చదివిన పాపాన పోలేదు, పేరు కూడా గ్లక్ అనే అనుకున్నా, గ్లిక్ అనాలని రెండ్రోజుల తర్వాత ఒక ఫ్రెండ్ చెప్తే తెలిసింది. ఆ వారమంతా నేను చదివినవన్నీ ఆవిడ గురించే, ఎవరు ఊహించారు ఎవరు ఊహించలేదు, ఎవరికి రావాల్సింది ఎవరికి పోయింది, ఇవే. ఆవిడ రాసింది మాత్రం ఒక్కటీ లేదు. నెల తిరిగేసరికి ఆ గోల మొత్తం మర్చిపోయా.

అప్పట్నుంచి ఒక రూలు పెట్టుకున్నా. కవిత్వం గురించి ఏ వార్త చూసినా ఆ కవిది కనీసం ఒక్క కవిత చదివేదాకా ఏమీ రాయను, ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యను. చిన్న రూలే గానీ దీంతో సగం చెత్త దానంతటదే జల్లెడలో ఆగిపోయింది, ఎందుకంటే చాలా వార్తల వెనక చదవడానికి కవితే ఉండదు. కింద రాసేదంతా ఆ రూలు పాటించడానికి నాకు పనికొచ్చిన పద్ధతులు, మీకు నచ్చినవి తీసుకోండి.

ముందు క్యాలెండర్ రాసుకోండి

కవిత్వ వార్తలు ఎప్పుడు పడితే అప్పుడు ఊడిపడతాయి అనుకుంటాం గానీ పెద్దవన్నీ దాదాపు ప్రతి ఏడూ అదే నెలలో వస్తాయి. ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే రోజూ ఫోన్ తిరగేసే బాధ తప్పుతుంది.

జనవరిలో బ్రిటన్‌లో కవితా పుస్తకాలకిచ్చే టి.ఎస్.ఎలియట్ ప్రైజ్ ఫలితం. మార్చి 21 ప్రపంచ కవిత్వ దినోత్సవం, యునెస్కో 1999లో ప్రకటించింది, ఆ రోజు అందరూ కవిత్వం గొప్పదనం గురించి మాట్లాడతారు, కవితలు తక్కువ, నేనైతే పెద్దగా పట్టించుకోను. అదే మార్చిలో అమెరికాలో నేషనల్ బుక్ క్రిటిక్స్ సర్కిల్ అవార్డులు. ఏప్రిల్ నెల మొత్తం అక్కడ కవిత్వ మాసం, 1996 నుంచి జరుపుతున్నారు, రోజుకో కవిత రాసే చాలెంజ్‌లన్నీ అప్పుడే మొదలవుతాయి. మే మొదట్లో అమెరికా వాళ్ళ పులిట్జర్ ప్రైజులు. ఆగస్టు చివర్లో ఉత్తర మాసిడోనియాలోని స్ట్రూగాలో కవితా సంబరం, 1960ల మొదట్లో మొదలైంది, ఇప్పటికీ నది మీద వంతెన దగ్గర కవులు చదువుతుంటే జనం ఒడ్డున నిలబడి వింటారు. సెప్టెంబర్ నుంచి అమెరికా నేషనల్ బుక్ అవార్డుల హడావిడి, ముందు 10 పుస్తకాల లాంగ్‌లిస్ట్, అక్టోబర్‌లో 5 పుస్తకాలు, నవంబర్‌లో విజేత. అక్టోబర్ మొదట్లో ఒక గురువారం మధ్యాహ్నం స్టాక్‌హోమ్‌లో తలుపు తీసుకుని ఒకాయన బయటికొచ్చి నోబెల్ పేరు చదువుతాడు, అదే నెలలో బ్రిటన్ వాళ్ళ ఫార్వర్డ్ ప్రైజులు. డిసెంబర్‌లో "ఈ ఏటి మేటి పుస్తకాలు" అనే లిస్టులు కుప్పలు తెప్పలు.

ఇంత చాలు. ఇవి కాకుండా వచ్చేవి చావులు, గొడవలు, వాటికి క్యాలెండర్ ఉండదు, వాటి సంగతి తర్వాత.

విజేతని వదిలేసి షార్ట్‌లిస్ట్ పట్టుకోండి

ఈ మొత్తం గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటారంటే ఇదే గుర్తుపెట్టుకోమంటా. ప్రైజ్ ఫలితం అంటే ముగ్గురు నలుగురు జడ్జిలు ఒక గదిలో కూర్చుని రాజీపడి తేల్చిన పేరు. ఆ రాజీలో అందరికీ రెండో ఇష్టమైన పుస్తకం గెలవడం మామూలే, అలా జరిగిందని జడ్జిలుగా చేసినవాళ్ళే తర్వాత రాసుకుంటుంటారు. షార్ట్‌లిస్ట్‌లో, అంటే ఆఖరి వడపోతలో మిగిలిన పుస్తకాల్లో మాత్రం ఎవరో ఒక జడ్జి గట్టిగా పట్టుబట్టి ఉంచిన పుస్తకం ఒకటైనా ఉంటుంది. నాకు ఇష్టమైన కవులు చాలామంది దొరికింది అక్కడే.

ఎలియట్ ప్రైజ్ దీనికి బాగా పనికొస్తుంది. 1993లో మొదలైంది, విజేతకి 25 వేల పౌండ్లు, షార్ట్‌లిస్ట్‌లో పది పుస్తకాలు. ఆ పదిమంది కవులు చదివే వీడియోలు ప్రైజ్ వాళ్ళే నెట్‌లో పెడతారు, ఫలితం ముందురోజు సాయంత్రం లండన్‌లో రాయల్ ఫెస్టివల్ హాల్లో అందరూ వరసగా ఒకే స్టేజ్ మీద చదువుతారు. నేను చేసేదేంటంటే లిస్టు రాగానే పది ట్యాబ్‌లు ఓపెన్ చేస్తా, ఒక్కొక్కరివి ఒక్క కవితే చదువుతా, రెండోది ఎంత బాగుంటుందనిపించినా చదవను. పైకి చదువుతా, గొణుగుతా అయినా సరే. మూసేస్తా. రెండు రోజులు ఆగి కాగితం తీసుకుని ఏ లైన్లు గుర్తున్నాయో రాస్తా. పదింట్లో మహా అయితే రెండు మిగులుతాయి, ఒక్కోసారి ఒకటి. ఆ ఒకటి విజేతది అయినా కాకపోయినా ఆ పుస్తకమే కొంటా. 2022కి ఆంథనీ జోసెఫ్ గెలిచాడు, ట్రినిడాడ్ నుంచి వచ్చినవాడు, సంగీతకారుడు కూడా, తనని దూరం నుంచే చూసిన తండ్రి మీద సానెట్లు, అంటే పద్నాలుగు లైన్ల కవితలు రాశాడు. అది కాగితం మీద చదివినప్పుడు నాకు అంత ఎక్కలేదు, ఆయన చదువుతుంటే విన్నాక ఆ లైన్లకి శ్వాస ఎక్కడ ఆగుతుందో అర్థమైంది. అందుకే వీడియో ఉంటే వదలకండి.

స్టేజ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. స్లామ్ కవులంటే, అదే స్టేజ్ మీద కవితలు చదివి పోటీపడేవాళ్ళంటే, అరుపులే అని చిన్నచూపు చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1980లలో చికాగోలో ఒక బార్‌లో మొదలైంది ఆ పోటీ, అక్కడ్నుంచే వచ్చిన పాట్రీషియా స్మిత్ జాతీయ స్లామ్ పోటీ నాలుగుసార్లు గెలిచింది, 2025లో నేషనల్ బుక్ అవార్డు కూడా ఆవిడకే. అంటే "పేజీ కవిత్వం", "స్టేజ్ కవిత్వం" అని గీత గీసే వ్యాసం కనపడితే పక్కన పెట్టెయ్యొచ్చు.

"నామినేట్ అయ్యారు" అనే మాట చూస్తే ఆగండి

కవుల పరిచయాల్లో ఈ మాట తెగ కనపడుతుంది. నోబెల్‌కి నామినేట్ అయిన కవి అని ఎవరైనా రాసుకుంటే దానికి అర్థం దాదాపు ఏమీ లేదు. నోబెల్ నామినేషన్లు 50 ఏళ్ళు బయటపెట్టరు. ప్రపంచంలో సాహిత్యం చెప్పే ప్రొఫెసర్లెవరైనా పేరు పంపొచ్చు, పాత విజేతలు పంపొచ్చు, రచయితల సంఘాల అధ్యక్షులు పంపొచ్చు, అలా వందల పేర్లు వెళ్తాయి. అక్టోబర్ మొదటి వారంలో తిరిగే బెట్టింగ్ లిస్టులు కూడా అంతే, పందెం కాసేవాళ్ళ ఊహ తప్ప స్వీడిష్ అకాడమీ లోపలి సమాచారం కాదు.

పులిట్జర్‌కి అయితే ఫీజు కట్టి పుస్తకం ఎవరైనా పంపొచ్చు, పంపినంత మాత్రాన నామినీ అవ్వరు, ఫైనలిస్ట్ అని వాళ్ళు ప్రకటించిన పేర్లే లెక్క. పుష్‌కార్ట్ ప్రైజ్‌కి ఒక్కో చిన్న పత్రిక ఆరేసి రచనలు పంపొచ్చు, చిన్న పత్రికలేమో వేలల్లో, ఇక లెక్క మీరే వేసుకోండి. ఇలా రాసుకునేవాళ్ళని తిట్టమని కాదు, పబ్లిషర్లు రాయమంటారు, కొత్తగా రాసేవాళ్ళకి అదొక ధైర్యం. కాకపోతే ఆ మాట చూసి పుస్తకం కొనక్కర్లేదు.

ఆస్థాన కవి పదవుల వార్తలు కూడా ఇలాగే కాస్త తెలుసుకుని చదవాలి. బ్రిటన్‌లో ఒకప్పుడు ఆ పదవి చచ్చేదాకా ఉండేది, 1999 నుంచి పదేళ్ళు చేశారు, ఇప్పుడున్న సైమన్ ఆర్మిటేజ్ 2019లో వచ్చాడు కాబట్టి 2029 దాకా "తర్వాత ఎవరు" అనే వార్తలకి తొందరేం లేదు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అధిపతి నియమిస్తారు, ప్రెసిడెంట్ కాదు, ఇది చాలామంది తప్పు రాస్తారు. 2025 సెప్టెంబర్‌లో ఆర్థర్ సీని తీసుకున్నారు, చైనీస్ కవిత్వాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన అనువాదకుడు కూడా ఆయన. అంతకుముందు ఉన్న అడా లిమోన్ కవితని చెక్కిన పలక 2024 అక్టోబర్‌లో నాసా నౌకలో గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా వైపు బయల్దేరింది. దాని గురించి వచ్చిన వార్తల్లో రాకెట్ ఫోటోలే ఎక్కువ, కవిత ఎక్కడో అడుగున ఒక లింకు. ఆ లింకే నొక్కండి.

అనువాదకుల పేర్లు రాసిపెట్టుకోండి

ఇంగ్లీషులో రాసే కవుల వార్తలే మనకి ఎక్కువ వస్తాయి, దానికి విరుగుడు అనువాదకుల్ని ఫాలో అవ్వడం. ఒక కవి నచ్చితే ఆ కవి ఇంకో పుస్తకం రావడానికి ఏళ్ళు పడుతుంది, ఆ అనువాదకుడైతే ఈలోపు ఇంకో ముగ్గురు కవుల్ని తీసుకొస్తాడు.

కెనడాలోని గ్రిఫిన్ ప్రైజ్ ఈ విషయంలో గమనించాల్సింది. 2023 నుంచి కెనడా కవులకి ఒకటి, బయటివాళ్ళకి ఒకటి అనే పద్ధతి తీసేసి 1,30,000 కెనడియన్ డాలర్ల ఒకే ప్రైజ్ చేశారు. కెనడా కవులకి అన్యాయం అని అప్పట్లో గొణుగుడు గట్టిగానే నడిచింది, నాకూ కొంచెం అలాగే అనిపించింది. అనువాదం గెలిస్తే మాత్రం 60 శాతం అనువాదకుడికి, 40 శాతం మూలకవికి, ఇలాంటి పద్ధతి పెద్ద ప్రైజుల్లో అరుదు. 2024లో మెక్సికో కవి ఒమేరో అరిద్‌హీస్‌ని అనువదించిన జార్జ్ మెక్‌విర్టర్‌కి వచ్చింది, 2025లో జర్మన్ కవి దుర్స్ గ్ర్యూన్‌బైన్‌ని అనువదించిన కారెన్ లీడర్‌కి. వరసగా రెండేళ్ళు అనువాదాలే. దక్షిణ కొరియా కవి కిమ్ హ్యేసూన్ సంగతీ అంతే, 2024 మార్చిలో అమెరికా విమర్శకుల అవార్డు కవిత్వ విభాగంలో గెలిచిన మొదటి అనువాద పుస్తకం ఆవిడది. నేను ఆవిడ దగ్గరికి చేరింది అనువాదకురాలు డాన్ మీ చోయ్ ద్వారా, ఆవిడ స్వయంగా కవి, 2020లో నేషనల్ బుక్ అవార్డు అందుకుంది. ఒక పేరు పట్టుకుంటే తీగ లాగితే డొంక కదిలినట్టు ఇంకో నాలుగు పేర్లు వస్తాయి.

చావు వార్తల దగ్గర తొందరపడొద్దు

ఒకసారి నేనే ఒక పెద్ద కవి చనిపోయాడని నివాళి రాసేశా, మూడు పేరాలు, కాస్త ఏడుపుగొట్టుగా కూడా. గంటలో తెలిసింది ఆయన నిక్షేపంగా ఉన్నాడని. పబ్లిషర్ పేరుతో ఎవరో పెట్టిన దొంగ ఖాతా అది, వారం క్రితమే తెరిచింది, నేను ప్రొఫైల్ కూడా చూడలేదు. ఇటలీలో ఒకాయన ఇదే పనిగా మంత్రుల పేర్లతో, పబ్లిషర్ల పేర్లతో ఖాతాలు తెరిచి రచయితల్ని ఏళ్ళుగా చంపుతూ వస్తున్నాడు, పేరున్న పత్రికలు కూడా బోల్తాపడ్డాయి. కాబట్టి పద్ధతి సింపుల్: ఖాతా ఎప్పుడు తెరిచారో చూడండి, పబ్లిషర్ సైట్‌లో గానీ ఇద్దరు వేరువేరు విలేకరుల పేర్లతో గానీ వార్త వచ్చిందో లేదో చూడండి, రాకపోతే ఆ కవి కవిత ఒకటి చదువుకుంటూ రెండు గంటలు ఆగండి. నిజమే అయితే నివాళి రెండు గంటలు లేటయిందని ఎవరూ ఏమనుకోరు.

నిజమైన చావు వార్త ఒక్కోసారి కవితతోనే వస్తుంది. గాజాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే కవి రిఫాత్ అలరీర్ 2023 నవంబర్ 1న తన కవిత ఒకటి ఖాతాలో పైన పిన్ చేసి పెట్టాడు, తను చనిపోతే ఒక గాలిపటం చేసి ఎగరేయమని అడిగే కవిత. డిసెంబర్ 6న ఇజ్రాయెల్ దాడిలో చనిపోయాడు. తర్వాత కొద్ది వారాల్లోనే అది ఎన్నో భాషల్లోకి వెళ్ళింది, ఊరేగింపుల్లో జనం నిజంగానే గాలిపటాలు పట్టుకున్నారు. అక్కడ నేను చెప్పే రూలు ఎవరూ చెప్పక్కర్లేకుండానే జరిగింది, చాలామంది ముందు కవిత చదివి, తర్వాత ఆ మనిషెవరని వెతికారు.

గొడవలు: మూడు కాగితాలు దొరికేదాకా నోరు మూసుకోవడం

గొడవ మీద వచ్చే పదో వ్యాసం దగ్గర మొదలుపెడితే ఏమీ అర్థం కాదు. మూడు వెతకండి: గొడవకి కారణమైన అసలు రచన, బాధ్యులు స్వయంగా ఇచ్చిన వివరణ, ఎదురు తిరిగినవాళ్ళ మొదటి లేఖ. మిగతావన్నీ వీటి మీద ఊక దంపుడే.

2015లో అమెరికాలో ఏటా వేసే ఒక ప్రసిద్ధ కవితా సంకలనంలో చైనీస్ పేరుతో వచ్చిన కవిత నిజానికి ఒక తెల్లవాడిదని తేలింది. ఎలా తేలింది? ఎవరో పరిశోధించి కాదు, పుస్తకం వెనక కవి పరిచయంలో ఆయనే రాశాడు, సొంత పేరుతో 40 సార్లు తిరిగొచ్చింది, ఆ పేరుతో 9 సార్లు తిరిగొచ్చాక తీసుకున్నారని. ఎడిటర్ షెర్మన్ అలెక్సీ ఆ పేరు చూసి తను కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టానని ఒప్పుకుంటూ పెద్ద వివరణ రాసి, కవితని మాత్రం తియ్యలేదు. ఆ రెండు కాగితాలు చదివితే మీ అభిప్రాయం ఏదైనా సరే మీదే అవుతుంది, అరువు తెచ్చుకున్నది కాదు. ఇంకో సంగతి, 40కి 9కి తేడా చూసి పేరు వల్లే వచ్చిందని లెక్క తేల్చేశారు చాలామంది, పత్రికలు వేరు, ఎడిటర్లు వేరు, అలా ఎలా పోలుస్తారో నాకైతే అర్థం కాలేదు.

2021లో అమెరికా నల్లజాతి కవి అమాండా గోర్మన్ డచ్ అనువాదం గొడవ కూడా "తెల్ల అనువాదకుల్ని నిషేధించారు" అని తిరిగింది. డచ్‌లో ఒప్పుకున్న రచయిత మరీకె లూకాస్ రైనెవెల్డ్ విమర్శ వచ్చాక స్వయంగా తప్పుకున్నారు. స్పెయిన్‌లో మాట్లాడే కాటలాన్ భాషలోకి చేసిన అనువాదకుడిది వేరే కథ, తనని వద్దన్నారని ఆయనే చెప్పాడు. రెండింటినీ కలిపి ఒకే వార్త చేసేస్తే రెండూ తప్పవుతాయి.

"ఏఐ కవిత్వం షేక్‌స్పియర్‌ని మించింది" అనే రకం వార్తలు

2024 నవంబర్‌లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది, హెడ్డింగులు మోత మోగాయి. పేపర్ తెరిచి చదివితే పది నిమిషాల పని. 1,634 మందికి తలో పది కవితలు ఇచ్చారు, ఐదు మనుషులవి, ఐదు యంత్రం ఆ కవిని అనుకరించినవి. ఏది ఎవరిదో సరిగ్గా చెప్పింది 46.6 శాతం, బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. నిజమే, అదిరిపోయే అంకె. కానీ ఆ చదివినవాళ్ళు కవిత్వంతో పెద్దగా పరిచయం లేనివాళ్ళు, ఆ సంగతి పేపర్ మొదట్లో ఇచ్చిన సారాంశంలోనే ఉంది, హెడ్డింగుల్లోకి మాత్రం రాలేదు. యంత్రం కవితలు వాళ్ళకి ఎందుకు నచ్చాయి అంటే సులువుగా అర్థమయ్యాయి కాబట్టి. అసలు కవుల మెలికలు అర్థంకాక, ఇది యంత్రం తడబాటే అనుకున్నారు. అంటే ఇది యంత్రాల గురించి కంటే చదివేవాళ్ళ గురించి చెప్పే వార్త, నా దృష్టిలో అది ఇంకా పెద్ద వార్త.

హెడ్డింగుల్లోకి రాని వార్తలు

కవిత్వం పుస్తకంగా మీ చేతికి రావడానికి మధ్యలో ప్రెస్ ఉంటుంది, పంపిణీదారు ఉంటాడు. 1969లో మొదలైన అమెరికా పంపిణీ సంస్థ స్మాల్ ప్రెస్ డిస్ట్రిబ్యూషన్ 2024 మార్చి 28న ఉన్నపళంగా మూతపడింది. వందలాది చిన్న ప్రెస్‌ల పుస్తకాలు గోడౌన్లలో ఇరుక్కున్నాయి, రావాల్సిన డబ్బు రాలేదు. కవులకి ఆ ఏడాది ఏ ప్రైజ్ కంటే కూడా ఇది ఎక్కువ తగిలింది, పెద్ద పత్రికల్లో మాత్రం ఒక మూల. ఇలాంటివి తెలియాలంటే చిన్న ప్రెస్‌ల న్యూస్‌లెటర్లు ఒక మూడు నాలుగు తీసుకోండి, అంతకు మించొద్దు, మించితే చదవరు. వాటితో పాటు 1912 నుంచి నడుస్తున్న చికాగో పత్రిక పొయెట్రీ పాత సంచికలు నెట్‌లో ఉచితం, రోజూ మెయిల్‌కి ఒక కవిత పంపే సర్వీసులున్నాయి, అవి చాలు.

మీరు రాసేవాళ్ళైతే ఒక హెచ్చరిక. నాకోసారి మెయిల్ వచ్చింది, మీ కవిత సెమీఫైనల్‌కి ఎంపికైంది, పుస్తకంలో వేస్తాం, మీ కాపీ మీరు కొనుక్కోవాలి అని. పంపిన కవితలో నేను కావాలనే ఒకే లైను నాలుగుసార్లు కాపీ కొట్టి పెట్టా, "అపురూపమైన గొంతు" అన్నారు. అసలు పోటీలు కూడా ఫీజు తీసుకుంటాయి, అది తప్పు కాదు, కానీ జడ్జి ఎవరో ముందే చెప్తాయి, పాత విజేతల పుస్తకాలు కొనడానికి దొరుకుతాయి. ఆ రెండూ లేకపోతే వదిలెయ్యండి.

చివరగా నా ఏర్పాటు. వారానికి ఒకరోజు అరగంట, అంతే, ఒక నోట్‌బుక్. ఎడమ పేజీలో వార్త ఒక్క ముక్కలో, కుడి పేజీలో ఆ కవిది నాకు గుర్తున్న లైను, చూడకుండా రాయాలి. కుడి పేజీ ఖాళీగా ఉంటే నెలాఖర్లో ఎడమ పేజీది కొట్టేస్తా. 2020 అక్టోబర్ పేజీలో గ్లిక్ పేరు కూడా కొట్టేసే ఉంది. 2023 అక్టోబర్‌లో ఆవిడ పోయారని తెలిసిన రోజు దాని కిందే మళ్ళీ రాశా, ఈసారి కుడి పక్క చోటు చాల్లేదు, మార్జిన్‌లోకి వెళ్ళింది.